ఎడమ జేబు

దర్జీల వీధి చివర, మూతబడిన హాలు కింద ఒక గది ఉంది. రోడ్డు మీంచి ఇరుకు మెట్లు దిగితే దాని తలుపు. చీకటి పడ్డాక ఆ మెట్ల పక్కనుంచి ఎవరూ నడవరు. అవతలి వైపు బురద ఉన్నా, కుక్కలున్నా సరే, రోడ్డు దాటి అటునుంచే పోతారు.

ఎందుకంటే ఆ గదిలోంచి మోత వస్తుందట.

కేక కాదు, ఏడుపు కాదు. ఝుమ్మ్... అని ఒకటే మోత. తాళం వేసిన గదిలోంచి, మెయిన్ స్విచ్చి దింపేసిన హాలు కిందనుంచి. కాసేపు వినిపించి, ఉన్నట్టుండి ఆగిపోతుందట. మోత కన్నా అది ఆగడమే ఎక్కువ భయం అంటారు విన్నవాళ్ళు. ఆగిన తర్వాత... ఎవరో పాట ఎత్తుకోబోతూ ఊపిరి పీల్చినట్టు వినిపిస్తుందట.

పగటిపూట ఈ మాట చెబితే దర్జీలే పగలబడి నవ్వుతారు. అదే దర్జీలు సాయంత్రం మిషన్లు ఆపి ఇళ్ళకు పోయేటప్పుడు చూడాలి. ఒకళ్ళనొకళ్ళు ఒరుసుకుంటూ, గబగబా, పరుగు అనిపించకుండా పరుగెడతారు.

ఆ గదిలో పోయినవాడు గిటారు వాయించేవాడు. చక్కని గొంతు కూడా. స్నేహితులతో కలిసి ఆ గదిలోనే పాటలు సాధన చేసేవాడు. ఒక సాయంత్రం గిటారు మెడలో వేసుకుని, మైకుకి పెదాలు ఆనించాడు... అంతే. పళ్ళు బిగించి వణుకుతుంటే స్నేహితులు వేళాకోళం అనుకున్నారట. ఒకడు చప్పట్లు కూడా కొట్టాడట. స్విచ్చి తీసేసరికి ఆలస్యమైపోయింది.

ఆ గిటారు ఆంప్లిఫయర్ని అంతకు కొద్దిరోజుల ముందు బాగుచేసి ఇచ్చింది ఎవరో కాదు, కన్నతండ్రే. వీధి అంతా రేడియో మాస్టారు అని పిలిచే మనిషి.

"కన్న చేతులే చంపాయి" అంది వీధి. ఆయన కాదనలేదు. ఆ రోజునుంచి సోల్డరింగ్ ఐరన్ ముట్టలేదు. మాట తగ్గింది, తిండి తగ్గింది, చివరికి కిటికీ పక్క కుర్చీలోంచి లేవడమూ తగ్గిపోయింది.

ఈ కథ ఆయన కూతురిది. పోయినవాడి చెల్లెలు. తండ్రి వదిలేసిన దుకాణంలో, తండ్రి వదిలేసిన బల్ల మీద ఆమే రిపేర్లు చేస్తుంది. ఎప్పుడూ చేతిలో టంకం తీగ ఉంటుంది కాబట్టి వీధి ఆమెకు టంకమ్మ అని పేరు పెట్టింది. మొదట్లో ఉడుక్కునేది. తర్వాత ఆ పేరే బోర్డు మీద రాయించుకుంది.

ఆమె ఒంటిమీద ఎప్పుడూ తండ్రి పాత కోటు ఉంటుంది. దానికి ఎడమవైపు మోచేతి దాకా దిగే జేబు. పని నేర్పిన మొదటి రోజునే తండ్రి ఆ కోటు తొడిగి చెప్పాడు — "కరెంటున్న సామాను విప్పినప్పుడు పని కుడి చేతిది. ఎడమ చెయ్యి జేబులో ఉండాలి. కరెంటు ఈ చేతిలో ఎక్కి ఆ చేతిలో దిగిందంటే, దారిలో గుండె ఉంటుంది." ఆడవాళ్ళ బట్టలకు జేబులు పెట్టని దర్జీలందరినీ ఆ పూటే కట్టగట్టి తిట్టాడు కూడా.

అన్నయ్యకు మాత్రం ఆ నియమం నవ్వులాట. "జేబులో చెయ్యి పెట్టుకుంటే గిటారెలా వాయించను?" అనేవాడు. అతని ఎడమ చేతి వేళ్ళ కొసలు తీగలు నొక్కీ నొక్కీ కాయలు కాసి, చెక్కలా ఉండేవి. వెనకనుంచి వచ్చి ఆ గరుకు వేళ్ళతో చెల్లెలి బుగ్గ గీరి పారిపోయేవాడు. ఆమె పట్టకారు పుచ్చుకుని వెంటపడేది.

అన్నయ్య పోయిన వారంలోనే ఆ ఆంప్లిఫయర్ని ఎవరో ఎవరికో అమ్మేశారు. అది ఎన్ని చేతులు మారిందో తెలియదు. ఏళ్ళు గడిచాయి. ఒకరోజు పాత రేడియో వాల్వుల కోసం పాత సామాన్ల కొట్టుకు వెళ్ళిన టంకమ్మ, విరిగిన కుర్చీల కింద ఒక పెట్టెను చూసి ఆగిపోయింది. ముందు గుడ్డ చిరిగిపోయింది. తోలు ఊడిపోయింది. ఒక మూల మాత్రం సిగరెట్టు కాలిన మచ్చ... అన్నయ్య దొంగతనంగా కాల్చి, తండ్రి అడుగుల చప్పుడు వినగానే దాచిన చోటు.

కొట్టువాడు నవ్వాడు. "అది పలకదమ్మా. పొయ్యిలోకి కూడా పనికిరాదు."

"నాకు పనికొస్తుంది" అంది ఆమె.

అప్పటికి డాక్టరు మాస్టారి గురించి చేతులెత్తేసి ఉన్నాడు. ఇవాళో రేపో అన్నట్టుంది పరిస్థితి. తండ్రి ఆ నింద మోసుకుని పోకూడదు... టంకమ్మకు మిగిలిన కోరిక అదొక్కటే. తప్పు ఆయనది కాదని తేలాలి. తేలితే, ఆయన చెవిలో ఆ మాట వెయ్యాలి. ఆయన వినగలిగి ఉండగానే.

దుకాణం షట్టరు సగం దించి పెట్టె విప్పింది. ఎలుకల గూడు, తుప్పు, పొంగి చీకిపోయిన కండెన్సర్లు, చిరిగిన స్పీకరు కాగితం. మనసులో ఒకటే ప్రశ్న... ఎర్త్ వైరు ఎక్కడ?

అది ఉంటే, పెట్టెలో ఎక్కడ కరెంటు కారినా భూమిలోకి పోతుంది. గిటారు తీగల్లోకి ఎక్కి మనిషిలోంచి పోదు.

లైటు దగ్గరగా జరిపి చూసింది. ఉంది! మెయిన్ తీగలు లోపలికొచ్చే చోట, సామానంతా మోసే ఇనుప పళ్ళేనికి బిగించిన కొక్కెం. దాని చుట్టూ పచ్చ వైరు పూర్తి మెలిక. మెలిక మీద టంకం. వీధిలో మిగతా మెకానిక్కులంతా తీగ ఆనించి టంకం పోస్తారు. తండ్రి ఒక్కడే ముందు మెలికేసి బిగిస్తాడు. టంకం వదిలేసినా తీగ వదలకూడదు అంటాడు.

నాన్న వేశాడు... నాన్న మర్చిపోలేదు.

కానీ ఆ మెలికనుంచి వచ్చిన పచ్చ వైరు, వేలెడు దూరంలో తెగిపోయి ఉంది. కత్తెర పెట్టినట్టు నున్నగా. బయటినుంచి వచ్చే రెండో ముక్క ఒక మూలకు వంచి ఉంది. తెగిన కొసకు పసుపు తొడుగు ఒకటి వేసి ఉంది, ఎక్కడా తగలకుండా. టంకమ్మ ఆ తొడుగును చూసింది. చూసి, వదిలేసింది. ఆమె మనసంతా ఆ మెలిక మీదే ఉంది.

ఎవరు కోశారో ఆమె వెంటనే తేల్చేసుకుంది. వాయించేవాళ్ళు చేసే పనే ఇది. మైకుకు వేరే ఆంప్లిఫయర్ పెట్టె ఉంటుంది; దాని ఎర్తూ, గిటారు పెట్టె ఎర్తూ రెండూ కలిస్తే కొన్ని గదుల్లో ఝుమ్మని మోత వస్తుంది. ఎర్త్ తీసేస్తే మోత పోతుంది. పాట హాయిగా ఉంటుంది. ప్రాణం మాత్రం దారం మీద ఉంటుంది. అన్నయ్య ఆ మోత గురించి తండ్రితో రోజూ పోట్లాడేవాడని ఆమెకు గుర్తే.

"వెధవా... నువ్వే కోసుకున్నావా?" అని పెట్టెను చూసి అంది. అని, వెక్కి వెక్కి ఏడ్చింది.

తర్వాత ఆమెకు పెట్టె తప్ప వేరే ధ్యాస లేదు. కండెన్సర్లు మార్చింది. వాల్వుల కాళ్ళు గీకి తుడిచింది. స్పీకరు కాగితానికి పల్చని కాగితం అతికించి ఆరబెట్టింది. కరెంటు ఒక్కసారిగా దూకకుండా మధ్యలో సీరీస్ బల్బు పెట్టి, బిడ్డకు పాలు పట్టినంత నెమ్మదిగా కరెంటు ఎక్కించింది. ఒక్క కండెన్సర్ని మాత్రం ముట్టుకోలేదు. మెయిన్ తీగనుంచి కరెంటును పళ్ళేనికి కారుస్తున్నది అదే. హంతకుణ్ణి విచారణకు నిలబెట్టాలి కదా!

విచారణ ఆ గదిలోనే జరగాలి. ఆ గది వైర్లతో, ఆ గది మోతతో. పగలు కుదరదు. దర్జీల మిషన్లన్నీ అదే లైను మీద తిరుగుతుంటాయి, ఏ మోత ఎక్కడిదో తెలియదు. వాళ్ళు కట్టేశాకే వెళ్ళాలి.

చీకటి పడింది. హాలు కాపలా మనిషి తాళంచెవి ఇచ్చాడు. మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

"నేను దిగను తల్లీ" అన్నాడు గుసగుసగా.

"నిన్ను దిగమన్నదెవరు? పెట్టె అందించి, మెయిన్ వెయ్యి."

తలుపు తోసింది. తడిసిన అట్టల వాసన. టార్చి వెలుగులో గోడలకు అంటించిన గుడ్డలు, నేల మీద విరిగిన డ్రమ్ము కర్ర. ఆంప్లిఫయరు దించి ప్లగ్గు పెట్టింది. వెంట తెచ్చిన మైకు స్టాండు నిలబెట్టింది. మైకు పెట్టెను రెండో ప్లగ్గుకు తగిలించింది.

ఝుమ్మ్...

సన్నగా, నేలలోంచి వచ్చినట్టు.

"వేసేశావా?" అని పైకి కేకేసింది. "చెప్పి వెయ్యొద్దూ!"

పైనుంచి జవాబు రావడానికి కాస్త సమయం పట్టింది.

"ఇంకా... వెయ్యలేదమ్మా."

మోత ఆగిపోయింది.

టంకమ్మ కదల్లేదు. టార్చి ఆంప్లిఫయర్ మీదకు తిప్పింది. వాల్వులు చల్లగా, నల్లగా ఉన్నాయి. గదిలో ఎక్కడో... ఊపిరి పీల్చిన చప్పుడు. తనదేనేమో. తనదే అనుకుంది.

పారిపోదామనిపించింది. కిటికీ పక్క కుర్చీలో తండ్రి ముఖం గుర్తొచ్చింది. పళ్ళు బిగబట్టి, "ఇప్పుడు వెయ్యి!" అని అరిచింది.

గది బల్బు వెలిగింది. వాల్వులు మెల్లగా ఎర్రబడ్డాయి. తెగిన పచ్చ వైరు రెండు కొసలనూ ముందే ఒక క్లిప్పుతో కలిపి ఉంచింది. నిజమైన మోత మొదలైంది... చెవులు బద్దలయ్యేలా. ఇంటినుంచి తెచ్చిన అన్నయ్య గిటారును ఆంప్లిఫయరుకు తగిలించి మెడలో వేసుకుంది. మనిషి బదులు కరెంటు దారిలో నిలబెట్టడానికి ఒక చిన్న బల్బు, దానికి రెండు వైర్లు. ఒకదాని క్లిప్పు గిటారు తీగకు, రెండోదాని క్లిప్పు మైకు స్టాండుకు. బల్బు వెలగలేదు.

అంటే నాన్న వేసిన వైరు ఉండి ఉంటే, అన్నయ్య పాడుకుని ఇంటికొచ్చేవాడు.

ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుంది. కుడి చేత్తో చెక్క పుల్ల తీసుకుని, పచ్చ వైరుకు వేసిన క్లిప్పును ఊడగొట్టింది.

మోత ఠక్కున ఆగింది. గది అంతా నిశ్శబ్దం. ఎంత హాయైన నిశ్శబ్దం! ఆ చిన్న బల్బు మాత్రం మసకగా, పసుపుపచ్చగా వెలిగింది. అన్నయ్యను తీసుకుపోయిన వెలుగు అంతే ఉంది.

"నాన్నా... నీ తప్పు కాదు" అంది బయటికే. కళ్ళు నిండిపోయాయి. పుల్ల కింద పడింది. కుడి చేత్తో గిటారు మెడను, తీగలతో సహా, గట్టిగా పట్టుకుంది.

బల్బు ఆరిపోయింది.

మైకు స్టాండుకు పెట్టిన క్లిప్పు జారి, కిందికి వేలాడుతోంది. అంతే కదా. మళ్ళీ పెడితే సరి. స్టాండు పట్టుకుంటే తప్ప ఆ క్లిప్పు పట్టదు. కన్నీళ్ళలో ఏమీ ఆలోచించలేదు. కుడి చెయ్యి తీగల మీద అలాగే ఉంది. ఎడమ చెయ్యి తియ్యబోయింది—

రాలేదు.

లాగింది. రాలేదు.

జేబులో ఆమె చేతి మీద ఇంకో చెయ్యి ఉంది.

చల్లగా. గట్టిగా. ఆమె వేళ్ళను తన వేళ్ళతో బిగించి పట్టుకుని, కదలనివ్వనంత గట్టిగా... ఇంకా లాగింది. ఆ పట్టు ఇంకా బిగిసింది. అప్పుడు తెలిసింది ఆమెకు. తన చేతి మీద నాలుగు వేళ్ళ కొసలు. కాయలు కాసి, చెక్కలా ఉన్న కొసలు.

తల తిప్పి చూసింది. ఆంప్లిఫయర్ వెనక వాల్వులు ఎర్రగా వెలుగుతూనే ఉన్నాయి. తన కుడి చేతి కింద గిటారు తీగలు. జానెడు దూరంలో మైకు స్టాండు.

కుడి చెయ్యి వదిలేసింది. మెడలోంచి గిటారు జారి నేల మీద పడింది.

జేబులోని పట్టు సడలింది. పోతూ పోతూ... గరుకుగా ఒక వేలు ఆమె అరచేతిని గీరింది.

మెట్ల మీద కాపలా మనిషి ఆమె ముఖం చూశాడు. మెయిన్ దింపేసి, ఆమె వెనకాలే పరుగెత్తాడు.

ఇల్లు చేరేసరికి తండ్రి కిటికీ పక్క కుర్చీలో, దుప్పటి కప్పుకుని, మేలుకునే ఉన్నాడు. ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. రొప్పుతూ, ఏడుస్తూ, అంతా ఒక్కసారే చెప్పేసింది. పెట్టె దొరికిందని. విప్పానని. మెలిక చూశానని.

"నువ్వు ఎర్త్ వేశావు నాన్నా. నీ మెలిక చెక్కుచెదరలేదు. ఎవరో కోశారు. వాడే కోసుకున్నాడు. నీ తప్పేమీ లేదు. వింటున్నావా? నీ తప్పేమీ లేదు."

ఆయన అడిగాడు, నూతిలోంచి వచ్చినట్టున్న గొంతుతో—

"కొసకి తొడుగు ఉందా?"

"ఏ కొసకి?"

"తెగిన కొసకి. పసుపు తొడుగు."

టంకమ్మకు ఆ తొడుగు కళ్ళ ముందు మెదిలింది. గిటారు వాయించే కుర్రాడు వైరు కోస్తే, కోసి వదిలేస్తాడు. కోసిన కొస ఎక్కడా తగలకూడదని తొడుగు వేసేది ఎవరు? వీధి మొత్తంలో ఎవరు వేస్తారు? చూసిన రోజే తెలియవలసింది. తెలుసుకోవడం ఇష్టం లేక తెలుసుకోలేదు.

"నేనే కోశాను" అన్నాడు తండ్రి.

"నాన్నా..."

"గదికి పిలిచాడు. మోత, మోత అని ప్రాణం తీశాడు. పోటీ దగ్గరికొచ్చింది, ఇవాళొక్క పూటా మోత లేకుండా వినాలి నాన్నా అని గడ్డం పట్టుకున్నాడు. వాడు అడిగితే నేనెప్పుడు కాదన్నాను? మైకు జోలికి పోకు, ఉత్త గిటారు వాయించుకో, రాత్రికి వచ్చి మళ్ళీ అతికిస్తాను అన్నాను. సరే అన్నాడు." ఆయన దుప్పటి అంచు పిడికిట్లో పట్టుకున్నాడు. "పాట లేకుండా వాడు వాయించలేడని నాకు తెలీదా? తెలుసు. తెలిసే కోశాను. చేతికి అలవాటైన పని... తొడుగు మాత్రం మర్చిపోకుండా వేశాను."

ఆమెకు ఏడుపు ఆగిపోయింది. కోపం వచ్చింది. ఏళ్ళ తరబడి వీధితో పోట్లాడింది, ఈ మనిషి కోసం. జేబులో చెయ్యి పెట్టుకోమని తనకు నేర్పిన మనిషి! లేచి వెళ్ళిపోదామనుకుంది. ఎముకలు తేలిన ఆ చేతులను దుప్పటి మీద చూసి, వెళ్ళలేకపోయింది.

"వాడు అక్కడే ఉన్నాడంటారు" అన్నాడు ఆయన, కిటికీ వైపు తిరిగి. "నిజమేనా?"

"నిజమే."

"చూశావా?"

"చూడలేదు."

"మరి..." ఆయన కిటికీ మీంచి చూపు తిప్పలేదు. "కోపంగా ఉన్నాడా, నా మీద?"

టంకమ్మ తన అరచేతి వంక చూసుకుంది. సన్నగా, ఎర్రగా ఒక గీత ఇంకా ఉంది. కోటు విప్పింది. తండ్రి ఒళ్ళో పరిచింది. ఆయన ఎడమ చేతిని పట్టుకుని, ఏళ్ళ తర్వాత మళ్ళీ ఆ లోతైన జేబులోకి తోసింది. మంచినీళ్ళు తేవడానికి వంటగదిలోకి వెళ్ళింది.

వెనకనుంచి చిన్న శబ్దం. తండ్రి ఉలిక్కిపడినట్టు. ఆ తర్వాత... ఝుమ్మ్... ఎక్కడో దూరంగా, ఇంట్లోనే. వెంటనే ఆగిపోయింది.

పరుగెత్తుకొచ్చింది.

తండ్రి కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాడు. కళ్ళు మూసుకుని. ముఖం మీద కన్నీళ్ళు తడిగానే ఉన్నాయి. ఊపిరి లేదు. కుడి చెయ్యి దుప్పటి మీద తేలిగ్గా పడి ఉంది.

ఎడమ చెయ్యి జేబులోనే ఉంది.

జేబు ఉబ్బెత్తుగా ఉంది. బక్కచిక్కిన ఆ ఒక్క చేతికి ఉండవలసినదాని కన్నా... చాలా ఎక్కువగా.